గంపలో బెండు, చేతిలో రిమోట్

నాయుడుపేటలో హైవే పక్కన ఈమధ్య ఒక గేమింగ్ సెంటర్ తెరిచారు. ఏసీ, నల్ల కుర్చీలు, గోడంత టీవీలు. తెరిచిన కుర్రవాళ్లు నన్ను పిలిచి నా చేత కొబ్బరికాయ కొట్టించారు. "పెద్దాయనా, ఈ లైన్లో మీరే గదా సీనియర్. మాకు రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. రెండు ముక్కలతో తేలే వ్యవహారం కాదని ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను.

నా పేరు మస్తానయ్య. నాయుడుపేట బస్టాండు దగ్గర చాలా ఏళ్లు టీవీలు, వీడియో గేమ్ సెట్లు బాగుచేశాను. కంటి ఆపరేషన్ అయ్యాక సన్నటి టంకం పని చేతకాక మానేశాను. షాపు ఎప్పుడు పెట్టాను, అద్దె ఎంత కట్టాను, ఏ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాను అనేవి ఇందులో ఉండవు. అవి చెబితే నాకే ఆవలింతలు వస్తాయి, ఇంక మీ సంగతి చెప్పేదేముంది. మనుషుల గురించి రాస్తాను. ఈ వృత్తి నాకు మేడలు కట్టిపెట్టలేదు గానీ, మనుషులను మాత్రం మంచి మంచివాళ్లనే చూపించింది.

మీరు ఆడే ఖరీదైన సెట్లు అప్పట్లో మా దాకా రాలేదు. మా దాకా వచ్చినవి మద్రాసు నుంచి అట్టపెట్టెల్లో దిగే నకిలీలు. ఒక సెట్టు, రెండు రిమోట్లు, ఒక క్యాసెట్టు. ఆ క్యాసెట్టు మీద లక్షల ఆటలని రాసి ఉండేది. లోపల ఉండేవి పదో పన్నెండో. అవే వేషం మార్చుకుని, పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. దాన్ని మోసమని తిట్టిన పిల్లవాడిని నేను చూడలేదు. ఒకే బండ్ల రేసును ఇరవై పేర్లతో ఆడి, "అన్నా, దీంట్లో మలుపు కొంచెం నెమ్మదన్నా" అని లేని తేడాలు కనిపెట్టేవాళ్లు. క్యాసెట్టు మార్చే స్తోమత లేనప్పుడు ఉన్న ఆటనే అరగదీసుకోవడం ఒక విద్య. ఆ విద్యలో మా వైపు పిల్లలకు నేను వంద మార్కులు వేస్తాను.

షరీఫ్ భాయ్

నాకు పని నేర్పినవాడు షరీఫ్ భాయ్. ఆ షాపు మొదట ఆయనదే. నోరు పెద్దది. ఆ నోటికి భయపడి మొదటి వారమే పారిపోదామనుకున్నాను. పారిపోకపోవడం నా అదృష్టం.

ఒకసారి ఒక బస్సు డ్రైవరు సెట్టు తెచ్చాడు. అడాప్టర్ లోపల తీగ తెగింది. అతికించాను. టీవీలో బొమ్మ పడింది. కట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయన రోడ్డు దాటుతుండగా షరీఫ్ భాయ్ టీ తాగి వచ్చాడు.

"ఆడి చూసినావా?" అన్నాడు.

"బొమ్మ పడింది భాయ్."

"బొమ్మ పడితే అయిపోయిందా? కంచంలో అన్నం కనపడితే కడుపు నిండతాదా?"

ఆ డ్రైవరును బస్సు దగ్గర నుంచి కేకేసి వెనక్కి పిలిపించాడు. తానే స్టూలు మీద కూర్చుని ఒక స్టేజి మొత్తం ఆడాడు. తర్వాత రెండో రిమోట్ తీసుకుని ప్రతి బొత్తామూ నొక్కి చూశాడు. రెండో రిమోట్‌లో ఎడమ బొత్తాం పనిచేయడం లేదు. నా వైపు తిరిగాడు. "ఇంట్లో పెద్దోడు మొదటి రిమోట్ లాక్కుంటాడు. రొండోది తమ్ముడి చేతికి వస్తాది. అది పనిజేయకపోతే వాడేడస్తాడు. ఆ ఏడుపు మన షాపుదిరా" అన్నాడు. ఆ రోజు నుంచి రెండు రిమోట్లూ ఆడి చూడకుండా నేను ఏ సెట్టూ తిరిగి ఇవ్వలేదు. టీవీ ముందు కూర్చుని ఆడుతుంటే దారినపోయేవాళ్లు "వీళ్లకు పనిలేదు" అని నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేవాళ్లం.

షాపులో ఒక చెక్కపెట్టె ఉండేది. దాన్ని ఆయన ఆస్పత్రి అనేవాడు. పూర్తిగా చచ్చిన సెట్లన్నీ అందులో వేసేవాళ్లం. మూడు చచ్చినవాటిలోంచి ఒకటి లేపడం మాకు మామూలు. రిమోట్ లోపలి నల్ల రబ్బరు అరిగిపోతే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చిన్న గుండ్రంగా కత్తిరించి అంటించేవాళ్లం. కొత్తదానిలాగే పనిచేసేది. క్యాసెట్టు అంచున ఉండే రాగి పళ్లు ఉప్పుగాలికి పచ్చబడితే పిల్లలు పెన్సిలు గీతలు తుడిచే రబ్బరుతో రుద్ది, స్పిరిట్ దూదితో తుడిచేవాళ్లం. నోటితో ఊదేవాళ్లు మాత్రం షరీఫ్ భాయ్ చేతి దెబ్బ తప్పించుకోలేరు. ఊదితే ఒకసారికి పనిచేస్తుంది, లోపల తుంపర తుప్పై కూర్చుంటుంది. ఈ మాట నేను చెప్పని ఊరు లేదు, ఊదడం మానేసిన మనిషి లేడు.

నా పిల్లలు ఆడుకున్నది కూడా ఆ ఆస్పత్రి నుంచి లేచిన సెట్టే. పైమూత ఎరుపు, అడుగు తెలుపు, ఒక రిమోట్ నలుపు, ఒకటి పసుపు. నా జన్మలో కొత్త సెట్టు కొనలేదు. ఆ ముచ్చట తీరలేదన్న బాధా లేదు.

కలరా ఉండలు

ఇక్కడ ఒక రైతుగారి ఇంటి సంగతి చెప్పాలి. ఒక ఏడు వరి బాగా పండి, ఇద్దరు పిల్లలకు సెట్టు కొన్నారు. ఏడాది తిరిగాక భార్యాభర్తలిద్దరూ తెల్ల తువ్వాలులో చుట్టి తెచ్చారు. షరీఫ్ భాయ్ తువ్వాలు విప్పాడు. సెట్టు అడుగు భాగం మెత్తబడి తువ్వాలుకు అంటుకుపోయింది. బొత్తాలు ముట్టుకుంటే బెల్లం పాకంలా సాగుతున్నాయి.

"దేంట్లో పెట్టినారమ్మా దీన్ని?" అని షరీఫ్ భాయ్ అడిగాడు.

"బీరువాలో పెట్టినానన్నా. దుమ్ము కూడా పడనీలేదు. నా పట్టుచీర పక్కనే పెట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు కూడా ఏసినా" అందామె. ఆదివారం ఒక్క పూట మాత్రం బయటికి తీసేదట. పరీక్షలొస్తే అదీ లేదు.

ఆ ఉండల ఘాటుకే ప్లాస్టిక్కు కరిగింది. ఆయనకు నవ్వు వచ్చిందని మీసం కదలికలోనే నాకు తెలిసింది. కానీ నవ్వలేదు. ఆస్పత్రిలోంచి ఒక పెట్టె తీసి లోపలి బోర్డును అందులోకి మార్చాడు. రెండు రిమోట్లూ ఆడి చూపించాడు. ఇచ్చేటప్పుడు, "అమ్మా, పట్టుచీర ఏడాదికొకసారి కడతారు. ఇది రోజూ కట్టుకునే చీర. రోజూ కడితేనే నిలుస్తాది" అన్నాడు.

ఆమె మాట విన్నది. మళ్లీ వాళ్ల సెట్టు వచ్చేసరికి బొత్తాల మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. పిల్లలు ఆడీ ఆడీ అరగదీశారు. ఆ అరిగిన బొత్తాలు చూసి షరీఫ్ భాయ్ ఎంత మురిసిపోయాడో చెప్పలేను. పేదింటివాళ్లు వస్తువును ఎంత ప్రేమిస్తారో చూడాలంటే మీరు ఈ పనిలోకి రావలసిందే. ఆ ప్రేమ కొన్నిసార్లు వస్తువు ప్రాణం మీదికే తెస్తుంది. అప్పుడు నవ్వకుండా మళ్లీ బతికించి ఇవ్వడమే మన పని.

ఊరికొక సెట్టు

షరీఫ్ భాయ్ షాపు నాకు అప్పగించి కూతురి దగ్గరకు నెల్లూరు వెళ్లిపోయాక జరిగింది ఇది. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊరు ఒకటి. పేరు రాయను. చేపలవాళ్ల పల్లెను మా వైపు కుప్పం అంటారు, నేనూ అంతే అంటాను. రొయ్య బాగా పడిన ఒక ఏడాది ఆ ఊరివాళ్లు ఇంటికింత అని వేసుకుని, తుఫాను షెల్టర్లో పెట్టుకోవడానికి ఒక టీవీ, ఒక గేమ్ సెట్టు కొన్నారు. ఇంటికొకటి కొనే తాహతు ఎవరికీ లేదు. ఊరికొకటి కొనొచ్చన్న ఆలోచన వాళ్లకే వచ్చింది. నా షాపులో అలాంటి బేరం అదే మొదలు.

కొనడానికి వచ్చినవాళ్లలో చిన్నయ్య అని ఒకాయన ఉన్నాడు. టీవీని బస్సు మీద వేయనిచ్చాడు గానీ గేమ్ సెట్టును ఎవరి చేతికీ ఇవ్వలేదు. చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊరంతటికీ ఒక సెట్టు అంటే నెల తిరక్కుండా తలకాయలు పగులుతాయి చిన్నయ్యా" అన్నాను బస్సు కిటికీ దగ్గర నిలబడి.

ఆయన నవ్వాడు. "మాకుండే సరస్సే ఒకటి గదన్నా. దాన్నే తలకాయలు పగలకుండా పంచుకుంటా ఉండాం."

ఎలా పంచుకుంటారో తర్వాత వాళ్ల ఊరు వెళ్లినప్పుడు చూశాను. సరస్సులో వల వేసే చోట్లు అన్నీ ఒకటి కాదు. కొన్నిచోట్ల రొయ్య విరగబడుతుంది, కొన్నిచోట్ల పాచి తప్ప ఏమీ రాదు. అందుకని వంతులు. వలకు కట్టే తేలిక చెక్కముక్కను బెండు అంటారు. ఒక్కో ఇంటికి ఒక్కో బెండు, దాని మీద ఆ ఇంటి గుర్తు. అన్నీ ఒక వెదురుగంపలో వేసి, ఊరిపెద్ద ఒక్కో చోటు పేరు చెప్పి ఒక్కో బెండు తీస్తాడు. ఎవరి బెండు వస్తే ఆ చోటు వాళ్లది. ఆ తర్వాత చోట్లు ఇంటింటికీ వరసగా తిరుగుతాయి, ఈసారి పాచి మూల వచ్చినవాళ్లకు ఇంకోసారి మంచి చోటు. గట్టివాడికీ, చేతకానివాడికీ అదే లెక్క.

ఆ గంపనే షెల్టర్లో టీవీ పక్కన పెట్టుకున్నారు. మధ్యాహ్నం అందులోంచి బెండు తీస్తే ఆ ఇంటివాళ్లకు రిమోట్. ఒక అగరబత్తి వెలిగిస్తారు. అది కాలేంత సేపు ఆట. బూడిద రాలిందా, రిమోట్ పక్కవాడికి ఇవ్వాలి. టౌనులో పిల్లలు "నీ లైఫ్ పోతే నాకు" అని ఆడేవాళ్లు. బాగా ఆడేవాడికి లైఫ్ పోదు, చేతకానివాడికి రిమోట్ రాదు. అగరబత్తికి ఆ పక్షపాతం లేదు.

ఊరిపెద్ద గురవయ్య కూడా ఆడేవాడు. ట్యాంకుల ఆటంటే ఆయనకు ప్రాణం. ట్యాంకు కుడికి తిరగాలంటే తానూ కుడికి ఒరిగేవాడు, పక్కవాళ్లు జరిగి చోటు ఇవ్వాల్సి వచ్చేది. పదిమందిని శాసించే మనిషి. అగరబత్తి ఆరగానే గొణుక్కుంటూనే రిమోట్ పక్కింటి పిల్లవాడి చేతిలో పెట్టడం నా కళ్లతో చూశాను. ఇన్నేళ్లలో నేను చూసిన ఆటశాలల్లో అంత న్యాయమైనది ఇంకొకటి లేదు. హైవే పక్కన ఏసీ పెట్టుకున్న మా కుర్రవాళ్లు ఏమీ అనుకోకూడదు.

తీసేసిన బెండు

ఒకరోజు చిన్నయ్య కూతురు కస్తూరి షాపుకు వచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో. ఊళ్లో వలలు బాగుచేసే పని చేస్తుంది. తల్లి సుబ్బమ్మ చేపల తట్టతో బజారుకు వస్తే, బస్సులో ఆమెతో కలిసి వచ్చి షెల్టర్లోని రిమోట్ ఇచ్చింది.

"పని జేస్తానే ఉంది గానీ ఎందుకైనా మంచిది, ఒకసారి చూడన్నా" అంది.

రిమోట్ చూసి ఆశ్చర్యపోయాను. రిమోట్లు ఎప్పుడూ తీగ మెడ దగ్గరే తెగుతాయి. ఆ మెడ చుట్టూ వల దారంతో ఒత్తుగా చుట్టి, ముడి లోపలికి దాచి బిగించి ఉంది. లాగినా వంచినా తీగకు దెబ్బ తగలదు. "ఎవరు చుట్టారు?" అంటే "నేనేనన్నా" అంది. ఆ తర్వాత నా షాపులో ప్రతి రిమోట్‌కూ అలాగే దారం చుట్టాను. మీరూ చుట్టండి, తీగ జోలికి మళ్లీ పోనవసరం ఉండదు.

"మీ నాయన బాగుండాడా? ఇప్పుడు మీ ఊర్లో ఎవురు బాగా ఆడతారు?" అని అడిగాను.

"నాయన జ్వరంతో పోయినాడన్నా. ఏడాది కావస్తోంది. నేనిప్పుడు ఆడేది లేదు, మా బెండు తీసేసినారు."

నాకు అర్థం కాలేదు. విడమరచి చెప్పింది. ఇంట్లో మగవాడు లేకపోతే సరస్సులో ఆ ఇంటికి వంతు ఉండదు. ఊరి కట్టుబాటు అది. చిన్నయ్యకు కొడుకులు లేరు. ఆయన పోయాక పెద్దలు ఆ ఇంటి బెండును గంపలోంచి తీసేశారు. గంప ఒకటే గనుక ఆటలోనూ వంతు పోయింది. ఎవరూ పగబట్టి చేయలేదు. అసలు ఎవరూ ఆలోచించనే లేదు. చిన్నయ్య వాటా వేసి, ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చిన సెట్టు ముందు ఆయన కూతురు ఊరికే కూర్చుని చూస్తోంది.

"ఆట లేకపోతే లేదన్నా. నీళ్లల్లో వంతు పోయిందే, అదీ కష్టం. అమ్మ ఒకరి దగ్గర చేపలు కొనుక్కోని అమ్ముకోవాల. మా చేపలు మాకుంటే ఆమెకు ఇంత తిరుగుడుండదు" అంది. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. రిమోట్‌ను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. 

టెస్టింగ్

నెల తిరక్కముందే షెల్టర్‌లోని సెట్టులో బొమ్మ వణుకుతోందని కబురొచ్చింది. సామాను సర్దుకుని పోయాను. ఆ వారం గాలి ఎక్కువగా ఉండి మగవాళ్లంతా ఒడ్డునే ఉన్నారు. షెల్టరు నిండా జనం. టీవీలోకి పోయే వైరు తుప్పు పట్టింది, మార్చాను. బొమ్మ నిలబడింది.

"అయిపోయిందా?" అన్నాడు గురవయ్య.

"ఆడి చూడకుండా అయిపోయిందని చెప్పను పెద్దాయనా. రెండు రిమోట్లూ ఒకేసారి ఆడి చూడాలి. ఇంకొకరు కావాలి" అని నేను గుమ్మం దగ్గర నిలబడ్డ కస్తూరిని పిలిచాను.

పోర్టులో పనిచేసే శీను అడ్డం వచ్చాడు. సెలవుకు ఊరొచ్చాడు. "వాళ్ల బెండు లేదన్నా."

"బెండు ఆటకు అబ్బయ్యా. ఇది టెస్టింగు. టెస్టింగుకు వంతుండదు" అన్నాను. షరీఫ్ భాయ్ ఉంటే భుజం తట్టేవాడు.

ట్యాంకుల ఆట పెట్టాను. ఇద్దరూ కలిసి ఒక కోటను కాపాడాలి. నేను ఈ ఆటను వందల సెట్ల మీద ఆడినవాణ్ని. ఆ పిల్ల ముందు నేను వేటకుక్క పక్కన కుందేలునైపోయాను. నన్ను కోట దగ్గర నిలబెట్టి, "నువ్వు అక్కడే ఉండన్నా, కదలబాక" అని చెప్పి తాను వెళ్లి వెదికి వెదికి కొట్టింది. ఏడాదిగా చేత్తో పట్టుకోకుండా, పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకుంది. ఏ ట్యాంకు ఎటు నుంచి వస్తుందో ముందే చెబుతోంది. ఆ ఊరివాళ్లు ఎవరూ చూడని స్టేజీలు తెర మీదికి వచ్చాయి. వెనకాల ఈలలు. గురవయ్య ఆమెతో పాటు కుడికీ ఎడమకూ ఒరుగుతున్నాడు.

ఆట అయ్యాక ఆయన అన్నాడు, "చిన్నయ్య బిడ్డకు ఆటలో వంతు ఎందుకు లేదురా? బొత్తాం నొక్కేదానికి మగోడెందుకు? ఆ బెండు గంపలో ఏయండి."

"గంప ఒకటే గదా పెద్దాయనా. దీంట్లో ఏస్తే రేపు నీళ్ల వంతుకు కూడా వస్తాది" అన్నాడు శీను.

 గురవయ్య గడ్డం రుద్దుకున్నాడు. "అయితే ఆటకు ఇంకో గంప పెట్టండి" అన్నాడు చివరికి.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్లకు ఆట దక్కిందని సంబరపడ్డాను. కస్తూరి లేచి నిలబడింది.

"ఆటకొక గంప, అన్నానికొక గంప వద్దు పెద్దాయనా. శీనన్న పోర్టులో ఉద్యోగం చేస్తా ఉండాడు. వాళ్ల బెండు గంపలోనే ఉంది. వాళ్లింటి వల కూలోడు యేస్తాడు. అది తప్పు గాదంటిరి. మా అమ్మ తోడబుట్టినోడు, మా మామ, మాకు వల యేస్తానంటే మాకెందుకు తప్పయింది? ఏస్తే మా బెండు ఆ గంపలోనే యేయండి. లేకపోతే నాకు ఆట కూడా వద్దు."

రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. తల వంచుకుని కాదు, చక్కగా నడిచి వెళ్లిపోయింది. చేతికొచ్చినదాన్ని వద్దని తిరిగి ఇవ్వడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. అంత గుండె నాకు లేదు.

ఒకే గంప

బస్సులో వస్తుంటే నాకు భయం పట్టుకుంది. నా టెస్టింగు చమత్కారం ఆ తల్లీకూతుళ్ల మెడకు చుట్టుకుంటుందేమో. ఊరు కాదంటే ఆ ఊళ్లో వాళ్లెలా బతకాలి? నాలుగు రోజులు పోయాక సుబ్బమ్మ ఖాళీ తట్టతో షాపుకొచ్చింది. తిడుతుందనే అనుకున్నాను.

"దీనికి నోరెక్కువైపోయింది మస్తానన్నా. ఉండే ఊర్లో ఉండాల గదా అని నేను గడగడలాడతా ఉండా. పెద్దోళ్లు కూర్చున్నారు. తెమల్లేదు, మళ్లా కూర్చున్నారు."

"ఏమన్నారు?"

"మాకిస్తే మొగుడు లేనోళ్లంతా గంప కాడికి వస్తారని ఒకాయన అన్నాడంట. పెద్దాయన గురవయ్య ఒకటే మాట అన్నాడంట. రానీ, మొగుడు పోయినాక ఆకలి కూడా పోతాదా అని."

"అయితే ఇచ్చినట్టేనా?"

"ఇస్తామనీ అన్లేదు, ఇయ్యమనీ అన్లేదు. బెండ్లు తీసే దినం చూద్దారి అన్నారంట" అంది. మంచినీళ్లు తాగి, బస్సు వేళైందని వెళ్లిపోయింది.

బెండ్లు తీసే రోజు నాకు అక్కడ పనేమీ లేదు. అయినా పోయాను. షాపు మూసి పోయాను. షెల్టరు ముందు ఇసుకలో ఊరంతా కూర్చుంది. సుబ్బమ్మ అందరికంటే వెనకాల, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కస్తూరి ఆమె పక్కన నిలబడింది. గురవయ్య గంపను ముందు పెట్టుకున్నాడు. అందులో ఏముందో మాకు కనపడలేదు.

మంచి చోటుతో మొదలైంది. ఆయన చోటు పేరు చెబుతాడు, గంపలో చెయ్యి పెడతాడు, బెండు పైకెత్తి గుర్తు చూపిస్తాడు. శీను వాళ్లది ముందే వచ్చింది. ఒక్కో బెండు బయటికి వస్తోంది, ఒక్కో ఇంటివాళ్లు లేచి తీసుకుంటున్నారు. రొయ్య పడే చోట్లు అయిపోయాయి. నడిమి చోట్లూ అయిపోయాయి. చిన్నయ్య ఇంటి గుర్తు రాలేదు. బెండు అసలు గంపలో లేదేమోనని నాకు అనుమానం వచ్చింది. సుబ్బమ్మ అప్పటికే లేచి పోదామని కూతురి చెయ్యి లాగుతోంది.

గురవయ్య పాచి పట్టిన ఉత్తరపు మూల పేరు చెప్పాడు. అక్కడ వల వేస్తే చేపల కంటే గడ్డే ఎక్కువ వస్తుందని ఊరంతటికీ తెలుసు. గంపలో చెయ్యి పెట్టి ఆఖరి బెండు తీశాడు. దాని మీద మూడు గీతలున్నాయి.

"చిన్నయ్య ఇల్లు" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, "సుబ్బమ్మ ఇల్లు" అని దిద్దుకున్నాడు.

 వంతు వచ్చిందని సంతోషించాలో, వచ్చీ వచ్చీ ఆ మూలకు వచ్చిందని జాలిపడాలో జనానికి తెలియలేదు. సుబ్బమ్మ ఏడుస్తోంది. ఆ ఏడుపు ఏ రకందో నేను చెప్పలేను. నేనూ కళ్లు తుడుచుకున్నాను, సిగ్గుపడలేదు. కస్తూరి జనం మధ్యలోంచి నడిచి వెళ్లి బెండు తీసుకుంది. రెండు వైపులా తిప్పి చూసుకుంది. తర్వాత గురవయ్యను అడిగింది.

"ఈ మూల అయినాక మంచి చోటుకు మా వంతు ఎప్పుడొస్తాది పెద్దాయనా?"

ఆయన ఖాళీ గంపను బోర్లించి ఇసుక దులుపుతూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"వంతు తిరగతానే ఉంటాది. నీది నీకు రాకుండా యాడికి పోతాదమ్మా?"